తొలి హిట్ క్లాసుకు నెల ముందు

(విజయవాడలో ఉదయపు నడక మిత్రుల సమావేశంలో ఒక వ్యాయామ విద్య అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, సోదరీ సోదరులకు నమస్కారం.

మీలో చాలామంది ఏళ్ల తరబడి పొద్దున్నే నడుస్తున్నవారే. ఇందిరా గాంధీ స్టేడియంలోనో, కాలవ గట్ల మీదనో, ఇంటి దగ్గరి పార్కులోనో రోజూ అరగంట నడిచే అలవాటున్నవారికి వ్యాయామం గొప్పతనం గురించి నేను కొత్తగా చెప్పవలసిన పని లేదు. అయితే ఈ మధ్య మీలో కొందరు, ముఖ్యంగా నలభై దాటినవారు, ఒకే ప్రశ్న అడుగుతున్నారు. పటమటలో, మొగల్రాజపురంలో, బెంజి సర్కిల్ చుట్టుపక్కల జిమ్‌లలో హిట్ (హై ఇంటెన్సిటీ ఇంటర్వల్ ట్రైనింగ్) క్లాసులు నడుపుతున్నారు, ఇంట్లో పిల్లలు చేరమంటున్నారు, చేరవచ్చునా అన్నది ఆ ప్రశ్న. చేరవచ్చు. కానీ డబ్బు కట్టిన మర్నాడు బూట్లు వేసుకుని వెళ్లడం సన్నాహం కాదు. సన్నాహం కనీసం ఒక నెల ముందు మొదలు కావాలి. ఈ రోజు నా మాటలన్నీ ఆ నెల గురించీ, ఆ తర్వాత వచ్చే తొలి రెండు మూడు క్లాసుల గురించీ.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తాను. ఆరోగ్యం కోసం ఈ క్లాసు తప్పనిసరి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ గానీ చేస్తే చాలు. దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలి. చురుగ్గా నడిచేవారు మొదటి భాగాన్ని ఇప్పటికే పూర్తి చేస్తున్నారు. మన నడక బృందాలన్నింటిలోనూ లోటుగా ఉన్నది రెండో భాగం, అంటే కండరబలం. క్లాసులో చేరాలన్న ఉత్సాహం ఆ లోటును పూరించే దారి చూపితే మంచిదే. భయంతోనో, పక్కింటివారు చేరారనో చేరవలసిన అవసరం మాత్రం లేదు.

ఇక ఈ క్లాసు అంటే ఏమిటో చూద్దాం. కొద్దిసేపు ఊపిరి ఎగబోసేంత తీవ్రంగా కదలడం, వెంటనే కొద్దిసేపు విరామం తీసుకోవడం, మళ్లీ తీవ్రంగా కదలడం, ఇంతే దీని సూత్రం. పరుగుపందేల శిక్షకులు ఈ పద్ధతిని చాలాకాలంగా వాడుతూనే ఉన్నారు. జిమ్ బోర్డుల మీద మీకు కనిపించే తబాటా అన్న పేరు జపాన్ పరిశోధకుడు ఇజుమి తబాటాది. ఆయన బృందం 1996లో ప్రచురించిన అధ్యయనంలో యువకులు వ్యాయామ సైకిలు మీద 20 సెకన్లు శక్తికొద్దీ తొక్కి, 10 సెకన్లు ఆగి, మళ్లీ తొక్కారు. అలా ఏడెనిమిది విడతలకే వారి శక్తి పూర్తిగా అయిపోయేది. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు సాధన చేశాక వారి శరీరం ప్రాణవాయువును వాడుకునే శక్తీ పెరిగింది, ప్రాణవాయువు చాలని స్థితిలో పని చేసే శక్తీ 28 శాతం పెరిగింది. నాలుగు నిమిషాల వ్యాయామంతో ఇంత ఫలితం అన్న ప్రచారానికి మూలం ఈ అధ్యయనమే.

ఆ ప్రచారంలో వినిపించని సంగతులు రెండున్నాయి. అందులో పాల్గొన్నవారు వ్యాయామ విద్య చదువుతున్న, అప్పటికే దేహదారుఢ్యం ఉన్న కుర్రవాళ్లు. వారు చేసినది సైకిలు మీద. అక్కడ గెంతడం లేదు, నేలమీద పడి లేవడం లేదు, కాబట్టి మోకాలికీ మడమకూ దెబ్బ తగిలే అవకాశం చాలా తక్కువ. మన క్లాసులో అదే 20 సెకన్ల లెక్కతో గెంతులు వేయిస్తారు, వేసేవారిలో ఇరవై ఏళ్లుగా కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసినవారు ఉంటారు. గడియారం లెక్క ఒకటే అయినంత మాత్రాన వ్యాయామం ఒకటే కాదు. అందువల్ల ‘తీవ్రత’ అన్నప్పుడు పక్కవారి వేగాన్ని కాకుండా మీ శరీరం ఆ క్షణాన పడుతున్న శ్రమను లెక్కలోకి తీసుకోవాలి. ముప్పై ఏళ్ల అమ్మాయి గెంతుతూ చేసే పని ఆమెకు ఎంత తీవ్రమో, యాభై ఐదేళ్ల ఉపాధ్యాయుడు గెంతకుండా కాళ్లు మార్చి మార్చి వేగంగా అడుగులు వేయడం ఆయనకు అంతే తీవ్రం కావచ్చు. ఇద్దరి గుండెలూ ఒకే పని చేస్తున్నాయి. నేను ఈ రోజు చెప్పబోయేవన్నీ ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉన్నాయి.

మరి ఆ శ్రమను కొలిచేది ఎలా? చేతికి పెట్టుకునే గడియారాలు గుండె వేగం చూపిస్తున్నాయి కాబట్టి చాలామంది 220 నుంచి వయసు తీసేసి, అదే తమ గరిష్ఠ గుండె వేగం అనుకుంటున్నారు. అది సగటు లెక్క. ఒకే వయసున్న ఇద్దరి మధ్య పది, ఇరవై కొట్టుకోవడాల తేడా ఉండటం సహజం. పైగా బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు వాడేవారిలో గుండె వేగం మందు ప్రభావం వల్ల అంతగా పెరగదు. వారు గడియారంలో అంకె చూసి ‘ఇంకా చాలా తక్కువగా ఉంది’ అనుకుని వేగం పెంచితే ప్రమాదం. అంతకంటే నమ్మదగినది మీ మాటే. పూర్తి వాక్యాలు తడబడకుండా మాట్లాడగలిగితే తేలిక శ్రమ, వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తే మధ్యస్థం, రెండు మూడు మాటలకు మించి రాకపోతే తీవ్రం. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ ఇలా ఎవరికి వారు అనుభవించే శ్రమకే అంకెలు వేసి కొలమానాలు తయారు చేశాడు. సున్నా నుంచి పది దాకా ఉన్న కొలమానంలో సున్నా అంటే విశ్రాంతి, పది అంటే ఇక వల్ల కాదు అన్న స్థితి. తొలి క్లాసుల్లో మీరు ఆరు దాటకూడదు. ట్రైనరు మైకులో ఎంత అరిచినా సరే.

క్లాసుకు ముందు డాక్టరుగారిని కలవవలసినవారెవరు? గుండెజబ్బు ఉన్నవారు, బీపీ అదుపులో లేనివారు, షుగర్ ఉన్నవారు, మూత్రపిండాల సమస్య ఉన్నవారు, ఇంట్లో దగ్గరి బంధువుకు చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవారు, ఇటీవల కాన్పు గానీ ఆపరేషన్ గానీ అయినవారు తప్పనిసరిగా కలవాలి. ఏ జబ్బూ లేదనుకునేవారు కూడా తమను తాము ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇంద్రకీలాద్రి మెట్లు గానీ, అపార్టుమెంటులో మూడంతస్తుల మెట్లు గానీ ఎక్కుతున్నప్పుడు ఛాతీలో బిగింపు, ఎడమచేయి లేదా దవడ లాగడం, కళ్లు తిరగడం ఎప్పుడైనా కలిగిందా? కలిగితే దాన్ని గ్యాస్ అని సరిపెట్టుకోవద్దు. మన ఊళ్లో గుండె నొప్పులు ఎన్నో గ్యాస్ మాత్రలతో గంటలకొద్దీ వాయిదా పడుతున్నాయి.

షుగర్ ఉన్నవారికి మరికొంత చెప్పాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి వ్యాయామం చేస్తున్నప్పుడో, ఆ తర్వాత కొన్ని గంటలకో చక్కెర బాగా పడిపోయే అవకాశం ఉంది. అదే సమయంలో మరీ తీవ్రంగా చేసినప్పుడు అడ్రినలిన్ ప్రభావంతో చక్కెర కాసేపు పెరగనూ వచ్చు. అందువల్ల తొలి వారాల్లో క్లాసుకు ముందూ తర్వాతా చూసుకోవాలి, జేబులో గ్లూకోజ్ గానీ చక్కెర గానీ ఉండాలి, మందు మోతాదు సంగతి డాక్టరుగారితో మాట్లాడాలి. అరికాళ్లలో స్పర్శ తగ్గినవారు గెంతే క్లాసులకు వెళ్లవద్దు. కంటి రెటీనా సమస్య ఉన్నవారు కంటి డాక్టరు అనుమతి లేకుండా తలకిందులయ్యే, ఊపిరి బిగబట్టే వ్యాయామాలు చేయవద్దు.

స్త్రీల విషయంలో మన సభల్లో ఎవరూ పలకని రెండు సంగతులు చెబుతాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మొదటి క్లాసులోనే విపరీతంగా ఆయాసపడి, ‘నాకు చేతకాదు’ అని మానేసిన అక్కచెల్లెళ్లలో ఎంతమందికి అసలు సమస్య హిమోగ్లోబిన్ అయి ఉంటుందో ఆలోచించండి. చేరేముందు ఒక రక్తపరీక్ష చేయించుకోవడం జిమ్ ఫీజులో చిన్న భాగం. రెండోది, కాన్పుల తర్వాత గెంతినప్పుడు, దగ్గినప్పుడు మూత్రం చుక్కలుగా పడటం. ఇది సిగ్గుపడవలసినది కాదు, కటి కింది కండరాలు వదులైనందువల్ల కలిగే స్థితి. ఫిజియోథెరపీతో చాలామందికి నయమవుతుంది. ఈలోగా గెంతులన్నీ మానేసి, ఒక కాలు నేలమీదే ఉండే రూపంలో అదే వ్యాయామం చేయవచ్చు.

ఇప్పుడు అసలు నెల దగ్గరికి వద్దాం. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు శ్రమకు త్వరగా అలవాటు పడతాయి. రెండు మూడు వారాల్లోనే ఆయాసం తగ్గినట్టు తెలుస్తుంది. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులకూ, కీళ్లను పట్టి ఉంచే బంధనాలకూ రక్తప్రసరణ తక్కువ. అవి బలపడటానికి నెలలు పడుతుంది. కొత్తగా చేరినవారు మొదటి వారంలో కంటే మూడో నాలుగో వారంలో, ‘ఇప్పుడు నాకు బాగా వచ్చేసింది’ అనుకుని జోరు పెంచినప్పుడు మడమ వెనకా, మోకాలి చిప్ప కిందా నొప్పి తెచ్చుకోవడానికి కారణం ఇదే. నెల ముందు సన్నాహంతో ఈ తేడా మొత్తం తీరదు కానీ కొంత తగ్గుతుంది.

మరో ఉపయోగం కూడా ఉంది. అలవాటు లేని కండరం సాగుతూ బరువు మోసినప్పుడు, ఉదాహరణకు మెట్లు దిగేటప్పుడు, గుంజీలో కిందికి వెళ్లేటప్పుడు, గెంతి నేలకు దిగేటప్పుడు, దాని పోగుల్లో సన్నని చీలికలు వస్తాయి. మర్నాడు, ఆ మర్నాడు వచ్చే ఒళ్లు నొప్పులకు కారణం అవే. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని చాలామంది అంటారు కానీ అది వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలోనే రక్తంలోంచి తొలగిపోతుంది. విశేషమేమిటంటే, అదే పనిని ఒకసారి కొద్ది మోతాదులో చేసిన కండరం, తర్వాతి సారి అంతగా దెబ్బతినదు. ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. కాబట్టి క్లాసులో చేయబోయే కదలికలను ఇంట్లో చిన్న చిన్న మోతాదుల్లో ముందే రుచి చూపించడమే మన సన్నాహం.

మొదటి వారం నడకనే మార్చండి. రోజూ నడిచే దారిలోనే రెండు నిమిషాలు మామూలుగా, ఒక నిమిషం మాట తడబడేంత వేగంగా నడిచి, అలా ఆరేడుసార్లు చేయండి. విరామమూ తీవ్రతా అన్న రెండింటి లయ శరీరానికి తెలిసేది ఇక్కడే. రెండో వారంలో ఎత్తు చేర్చండి. గాంధీ కొండ ఉంది, కనకదుర్గమ్మ గుడి మెట్లదారి ఉంది, ఏదీ కుదరకపోతే మీ అపార్టుమెంటు మెట్లున్నాయి. ఎక్కేటప్పుడు గుండెకు సాధన, దిగేటప్పుడు తొడ కండరాలకు సాధన. చాలామంది మెట్లెక్కి లిఫ్టులో దిగుతారు. మోకాళ్లలో నొప్పి లేనివారు దిగడం కూడా మెట్ల మీదే, తొందరపడకుండా దిగాలి.

దీనితోపాటు రోజు విడిచి రోజు పదిహేను నిమిషాలు ఇంట్లో చేయవలసినవి కొన్ని ఉన్నాయి. మన తాలింఖానాల్లో దండీలు, బస్కీలు అనేవారు. క్లాసులో పుషప్, స్క్వాట్ అన్న పేర్లతో వినిపించేవి వాటి దగ్గరి బంధువులే. బడిలో చెవులు పట్టుకుని గుంజీళ్లు తీసినవారెవరికీ స్క్వాట్ కొత్త కాదు, అప్పటి మోకాళ్లు ఇప్పుడు లేవు, అంతే. గట్టి కుర్చీ ముందు నిలబడి, చేతులు ముందుకు చాచి, మూడు లెక్కపెట్టేంత సేపట్లో కూర్చుని, చేతుల సాయం లేకుండా లేవండి. ఎనిమిదిసార్లు సులువుగా వస్తే పన్నెండు చేయండి. అది కూడా సులువైతే కుర్చీకి తగిలీ తగలకుండా లేవండి. మోకాళ్లు లోపలికి వంగిపోకుండా పాదాల వేళ్ల దిశలోనే ఉండేట్టు చూసుకోవాలి. అద్దం ముందు చేస్తే తెలుస్తుంది. పుషప్‌ను గోడకు చేతులు ఆనించి మొదలుపెట్టి, తర్వాత వంటింటి గట్టుకు, ఆపైన మంచానికి దిగండి. ప్లాంక్, అంటే మోచేతులూ కాలివేళ్లూ నేలకు ఆనించి ఒంటిని తిన్నగా నిలపడం, పది సెకన్లు చాలు, నడుం కిందికి జారిందంటే ఆపేయాలి. ఈ పనులన్నింటిలోనూ ఊపిరి బిగబట్టవద్దు. బిగబట్టి బలం పెట్టినప్పుడు బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. లేచేటప్పుడు, తోసేటప్పుడు ఊపిరి వదలాలి.

నేలమీదకు దిగి లేవడం కూడా సాధనే. పీట మీద కూర్చుని భోంచేసిన తరం ఈ విషయంలో అదృష్టవంతులు. డైనింగు టేబులుకు అలవాటుపడినవారికి బర్పీ, అంటే కింద కూర్చుని కాళ్లు వెనక్కి చాచి మళ్లీ లేచే వ్యాయామం, కష్టమయ్యేది గుండె వల్ల కంటే ముందు ఈ నేల సంగతి వల్ల. రోజుకు నాలుగైదుసార్లు నేలమీద పడుకుని, పక్కకు తిరిగి, ఒక మోకాలిపై ఆధారపడి లేవడం నేర్చుకోండి. నాలుగో వారంలో, కీళ్ల నొప్పి లేనివారు, రెండంగుళాల ఎత్తుకు మాత్రమే గెంతి శబ్దం రాకుండా దిగడం సాధన చేయాలి. కింది ఫ్లాటులో వాళ్లు ఫిర్యాదు చేశారంటే మీరు సరిగ్గా దిగడం లేదని అర్థం.

క్లాసు ఎంచుకోవడానికి ఒకే మార్గం, చేరేముందు వెళ్లి ఒక పూట కూర్చుని చూడటం. చూడనివ్వని చోట చేరవద్దు. పాట ఏమిటి, లైట్లు ఏ రంగు అన్నవి కాదు చూడవలసింది. ట్రైనరు తాను కూడా అందరితో పాటు చెమటలు కక్కుతూ వ్యాయామం చేస్తున్నాడా, లేక తిరుగుతూ మనుషులను చూస్తున్నాడా? ఒక గదిలో ఒక్కరి అజమాయిషీలో ముప్పైమంది ఉంటే ఎవరి మోకాలు ఎటు వంగిందో ఆయనకు కనిపించదు. ప్రతి కదలికకూ గెంతకుండా చేసే మార్గం చూపిస్తున్నాడా? ఎవరైనా ఆగి గోడకు ఆనుకుంటే దగ్గరికి వచ్చి కనుక్కుంటున్నాడా, వేళాకోళం చేస్తున్నాడా? చివరి ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టే నిర్ణయం తీసుకోవచ్చునని నా అభిప్రాయం. చేరేటప్పుడు ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్నా వేయకుండా నేరుగా ఏడాది ప్యాకేజీ గురించి మాట్లాడేవారి దగ్గర ఒక నెలకు మించి కట్టవద్దు.

మన ఊరి ఎండ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం మరే ఊరికైనా సరిపోయేది. బెజవాడను బ్లేజ్‌వాడ అనడం ఊరికే రాలేదు. మే నెలలో 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. కానీ వ్యాయామం చేసేవారికి ఎండ ఒక్కటే శత్రువు కాదు, గాలిలో తేమ అంతకంటే పెద్ద ఇబ్బంది. చెమట కారడం వల్ల ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరిపోవడం వల్ల చల్లబడుతుంది. ఒకవైపు కృష్ణ, ఊరి మధ్యలో కాలవలు, తీరం కూడా ఎంతో దూరం కాదు. ఉక్కపోత రోజున చెమట కారుతుందే తప్ప ఆరదు, లోపలి వేడి పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల టెర్రస్ మీదో, రేకుల షెడ్డులోనో నడిపే క్లాసులకు ఏప్రిల్, మే నెలల్లో కొత్తగా చేరడం నేను సమర్థించను. శరీరం వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఏసీ గదిలో సాధన చేసినవారికి ఆ అలవాటు రాదు కాబట్టి ఏసీ క్లాసు నుంచి బయటి క్లాసుకు మారినప్పుడు మళ్లీ తక్కువ మోతాదు నుంచే మొదలుపెట్టాలి. బరువు తగ్గుతారంటూ అమ్మే ప్లాస్టిక్ చెమట కోట్లు కొనవద్దు. వాటితో తగ్గేది ఒంట్లోని నీరు, అది సాయంత్రానికి తిరిగి వస్తుంది, వడదెబ్బ మాత్రం మధ్యాహ్నమే రావచ్చు. చెమటలు పడుతూ పడుతూ మనిషి తికమకగా మాట్లాడటం, తూలడం కనిపిస్తే అది అలసట కాదు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

నీళ్లు క్లాసుకు రెండు గంటల ముందు రెండు గ్లాసులు, మధ్యలో దాహాన్ని బట్టి గుక్కలు. ముప్పావు గంట క్లాసుకు ప్రత్యేక పానీయాలు అక్కరలేదు. తర్వాత ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ చాలు. తిండి సంగతికొస్తే, తెల్లవారుజాము క్లాసుకు ముందు అరటిపండు, సాయంత్రం క్లాసుకు రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు సరిపోతాయి. ఉప్మా పెసరట్టు తిని వెళ్లి, నేలకు చేతులు ఆనించి మోకాళ్లను మార్చి మార్చి ఛాతీ వైపు లాగే మౌంటెన్ క్లైంబర్ చేయాలనుకునేవారికి నేను చెప్పేదేమీ లేదు, వారి కడుపే చెబుతుంది. కార్తీక సోమవారాల్లో ఉపవాసం ఉన్నవారు, రంజాన్ మాసంలో రోజా ఉన్నవారు ఆ పూట తీవ్ర వ్యాయామం మానుకోవాలి. వ్యాయామానికి ముందు తాగమని జిమ్ కౌంటరు మీద అమ్మే ప్రీ వర్కవుట్ పొడుల్లో సాధారణంగా ఉండేది కెఫీన్, అదీ పెద్ద మోతాదులో. కొత్తవారికి, బీపీ ఉన్నవారికి అది వద్దు. ఫిల్టరు కాఫీ అలవాటున్నవారు అరకప్పు తాగి వెళ్లవచ్చు.

బట్టలు త్వరగా ఆరిపోయే రకం, వదులుగా కాకుండా, కాలికి అడ్డం పడకుండా ఉంటే చాలు. చున్నీ, గొలుసులు, గాజులు ఇంట్లో పెట్టి రావాలి. స్త్రీలు గట్టిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా వేసుకోవాలి, మామూలు లోదుస్తులతో గెంతడం బాధాకరం. బూట్ల విషయంలో మాత్రం ఒక సూచన. పరుగు బూట్లకు మడమ కింద ఎత్తైన మెత్త ఉంటుంది, అవి ముందుకు కదలడానికి చేసినవి. పక్కలకు అడుగులు వేసే ఈ క్లాసుల్లో వాటితో చీలమండ మెలిక పడవచ్చు. అడుగు వెడల్పుగా, సమంగా ఉండే ట్రైనింగు బూట్లు మేలు.

క్లాసు రోజున పది నిమిషాల ముందే వెళ్లి, ‘ఇది నా మొదటి క్లాసు, నాకు ఫలానా చోట నొప్పి ఉంది, ఫలానా మందు వాడుతున్నాను’ అని ట్రైనరుతో చెప్పండి. గదిలో పక్క వరుసలో, ట్రైనరు కనిపించే చోట నిలబడండి. మరీ వెనక నిలబడితే ఎదుటివారి తప్పులు చూసి నేర్చుకుంటారు. వార్మప్ లేకుండా మొదలుపెట్టే క్లాసులో కూడా మీ వార్మప్ మీరు చేసుకోవాలి. అందరూ ఎనిమిది విడతలు చేస్తే మీరు నాలుగు చేయండి. వారు 20 సెకన్లు చేస్తే మీరు పదిహేను చేయండి. ఇలా సగం మానేయడాన్ని చేతకానితనం అనుకోవద్దు. ఆ క్లాసు వరకు మీకు రాసిన మందుచీటీలోని మోతాదు అదే.

బర్పీ గురించి ఒక చిన్న చరిత్ర చెబితే మీకు ధైర్యం రావచ్చు. అమెరికాకు చెందిన రాయల్ బర్పీ 1930లలో మామూలు మనుషుల దేహదారుఢ్యాన్ని తేలిగ్గా అంచనా వేయడానికి దాన్ని రూపొందించాడు. కింద కూర్చోవడం, కాళ్లు వెనక్కి చాచడం, తిరిగి లాక్కోవడం, నిలబడటం, అంతే. అందులో పుషప్ లేదు, పైకి గెంతడం లేదు. నాలుగుసార్లు చేయించి ముందూ తర్వాతా గుండె వేగం చూసేవాడు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం దాన్ని తీసుకుని ఇంకా ఎక్కువసార్లు చేయించింది. కాబట్టి క్లాసులో గెంతు లేని, పుషప్ లేని బర్పీ చేస్తున్నప్పుడు ఎవరైనా ‘అది పూర్తి బర్పీ కాదు’ అంటే, దాన్ని కనిపెట్టినవాడు చేసింది అదేనని చెప్పండి.

మధ్యలో ఆగవలసి వస్తే ఉన్నట్టుండి కూర్చోవద్దు, నిశ్చలంగా నిలబడవద్దు. కాళ్ల కండరాలు కదులుతున్నంతసేపు రక్తాన్ని గుండెకు పైకి తోస్తుంటాయి. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు తిరుగుతాయి. గది చివర మెల్లగా నడుస్తూ ఊపిరి సర్దుకోవాలి. కళ్లు తిరగడం ఆగకపోతే అప్పుడు పడుకుని కాళ్లు ఎత్తు మీద పెట్టాలి. ఛాతీ బిగింపుగా ఉంటే మాత్రం ఆ రోజుకే కాదు, డాక్టరు చూసేదాకా వ్యాయామం ముగిసినట్టే. క్లాసు అయ్యాక ఐదు నిమిషాలైనా మెల్లగా నడిచి, చెమట ఆరాకే స్నానం చేయండి.

మర్నాడు మొదలై, రెండో మూడో రోజుకు పెరిగి, ఆ తర్వాత తగ్గే ఒళ్లు నొప్పులు మామూలే. మెల్లగా నడవడం వల్ల కొంత ఉపశమనం ఉంటుంది. నొప్పి బిళ్ల వేసుకుని మర్నాడే మళ్లీ క్లాసుకు పరుగెత్తకూడదు. రెండు క్లాసుల మధ్య కనీసం రెండు రాత్రుల నిద్ర ఉండాలి. ఒక ప్రమాద సూచన మాత్రం అందరూ గుర్తుంచుకోవాలి. నొప్పి విపరీతంగా ఉండి, కండరం వాచి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే అది రాబ్డోమయోలిసిస్ కావచ్చు. కండర కణాలు చితికి, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీసే స్థితి అది. మొదటిసారి స్పిన్ క్లాసుకు, అంటే వ్యాయామ సైకిళ్ల క్లాసుకు, వెళ్లిన ఆరోగ్యవంతులైన యువతీయువకులకు ఇది వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఎక్కువ నీళ్లు తాగి చూద్దామని ఇంట్లో ఉండకుండా, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి బిళ్లలు వేసుకోకూడదు, అవి మూత్రపిండాలకు మరింత భారం.

సమయం ఉంది కాబట్టి కొన్ని ప్రశ్నలకు జవాబు చెబుతాను.

ఒక శ్రోత: మాస్టారూ, మా అబ్బాయి నెలలో ఆరు కిలోలు తగ్గుతానని చేరాడు. సాధ్యమేనా?

క్లాసు ఒక్కదానితో కాదండీ. ముప్పావు గంట క్లాసులో అసలు తీవ్రంగా చేసేది పదిహేను, ఇరవై నిమిషాలే. ఆ ఖర్చును దారిలో ఒక పునుగుల పొట్లం తిరిగి నింపేస్తుంది. మొదటి వారంలో తూకం తగ్గకపోగా కొద్దిగా పెరగవచ్చు కూడా, కోలుకుంటున్న కండరాలు నీటిని పట్టి ఉంచుతాయి. అబ్బాయిగారిని తూకం బదులు మెట్లు చూసుకోమనండి, నెల క్రితం ఎన్ని అంతస్తులకు ఆయాసం వచ్చింది, ఇప్పుడు ఎన్ని అంతస్తులకు వస్తోంది అని.

ఒక శ్రోత: నాకు మోకాళ్ల అరుగుదల ఉందండీ. డాక్టరుగారు నడవమన్నారు. ఈ క్లాసు నాకు పనికిరాదా?

గెంతే క్లాసు పనికిరాదమ్మా. కానీ తొడ కండరాలు బలపడితే మోకాలి నొప్పి తగ్గుతుంది కాబట్టి బలమిచ్చే వ్యాయామం మీకు అవసరమే. వ్యాయామ సైకిలు మీద విడతల పద్ధతి మీకు సరిపోతుంది. సీటు ఎత్తు పెట్టుకోండి, పెడలు కింద ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. డాక్టరుగారికి ఈ మాట చెప్పి, ఒప్పుకుంటేనే మొదలుపెట్టండి.

ఒక శ్రోత: వైరల్ జ్వరం తగ్గి నాలుగు రోజులైంది. వచ్చే సోమవారం క్లాసు మొదలవుతోంది, డబ్బు కట్టేశాను.

ఆ బ్యాచి వదిలేయండి. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి కూడా వాపు తెస్తాయి, ఆ సమయంలో తీవ్రంగా శ్రమపడటం ప్రాణాపాయం. ముందు మామూలు నడక ఆయాసం, గుండెదడ లేకుండా వారం రోజులు సాగాలి. ఆపైన నేను చెప్పిన నెల సన్నాహం. డబ్బు తర్వాతి బ్యాచికి మార్చమని అడగండి, మార్చకపోతే ఆ క్లాసు ఎలాంటిదో ముందే తెలిసిపోయింది.

ఒక శ్రోత: క్లాసు ఉన్న రోజుల్లో పొద్దుటి నడక మానేయాలా?

మానవద్దండీ, తగ్గించండి. సాయంత్రం క్లాసు ఉంటే పొద్దున ఇరవై నిమిషాలు తీరికగా నడిస్తే చాలు, మెట్లు, వేగం ఆ రోజుకు వద్దు. మర్నాడు ఒళ్లు నొప్పులున్నా నడకకు రండి, మిత్రులు ముందు వెళ్లిపోతుంటే వెళ్లనివ్వండి. వారానికి రెండు క్లాసులు, మిగిలిన రోజుల్లో నడక, ఒక రోజు పూర్తి విశ్రాంతి, ఇలా మూడు నెలలు గడిచాక మూడో క్లాసు గురించి మాట్లాడుకుందాం.